చోడవరం సంపుకి రెండు మోకాళ్లు

గొట్టం నడిమధ్యలో విరగదు, గుమ్మం దగ్గర విరుగుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు నాలుగు పైపులైన్లు వేశాక ఈ సంగతి మీకే తెలుస్తుంది. ఊరంతా మట్టిలో బుద్ధిగా పడుకుని వచ్చిన గొట్టం, భూమిలో కట్టిన తొట్టె గోడలోకి దూరే చోటికి వచ్చేసరికి పుటుక్కుమంటుంది. మనం వెంటనే అక్కడ ఇంకాస్త కాంక్రీటు పోస్తాం. మళ్లీ విరుగుతుంది. ఇంకాస్త పోస్తాం. భయం వేసినా, సందేహం వచ్చినా, పండగ సెలవుల్లోపు పని ముగించేయాలన్నా మన డిపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిన మందు అదొక్కటే.

నా సర్వీసులో ఎక్కువ భాగం విశాఖలో బల్ల ముందు కూర్చుని డ్రాయింగులు వేయడంలోనే గడిచింది. సైటు వాళ్లు నన్ను డ్రాయింగు మేడమ్ అనేవాళ్లు. అందులో గౌరవం కొంచెం, వెక్కిరింత ఎక్కువ. రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నన్ను చోడవరం వేశారు. ఆఫీసులో అందరూ అయ్యో పాపం అన్నారు. నాకు మాత్రం హాయిగానే ఉంది. ఆర్టీసీ కాంప్లెక్సు వెనక చిన్న ఇల్లు, నడిచి వెళ్లే దూరంలో ఆఫీసు, ఆదివారం చర్చి, మన ఇంటి సంగతులు మనకే చెప్పిపోయే ఇరుగుపొరుగు. అక్కడ చేసిన ఒక్క పని గురించి చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. అందరూ నిక్షేపంగా ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

మాడుగుల వెళ్లే రోడ్డులో, ఊరు దాటుతుండగా ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. ఒకప్పటి వరిపొలం. మట్టి తోలి మెరక చేసి దాని మీద కట్టారు. చీడికాడ కొండల కింది ఊళ్ల నుంచి, మాడుగుల అవతల నుంచి పిల్లలు వచ్చి అక్కడ ఉండి చదువుకుంటారు. బిల్డింగు బాగుంటుంది. గాలీ వెలుతురూ బాగుంటాయి. నీళ్లు మాత్రం లేవు. గేటు పక్కనే భూమిలో పెద్ద సంపు కట్టారు. ఊరి లైను నుంచి దానికి గొట్టం కలిపారు. సంపు నిండిన మర్నాటికల్లా ఆ గొట్టం గోడ దగ్గర విరిగింది. బాగు చేశారు. మళ్లీ అలాగే విరిగింది. ఆ ఏడాదంతా పిల్లలు రోడ్డు దాటి బోరింగు నుంచి బకెట్లతో నీళ్లు మోసుకున్నారు. బోరింగు దగ్గర క్యూ పొడుగు వల్ల సగం మందికి బడి మొదటి పీరియడు దక్కేది కాదు.

చివరికి పైవాళ్లు ఒక మాట అనేశారు. వేసవి సెలవుల తర్వాత హాస్టల్ తెరిచేనాటికి నీళ్లు రావాలి. మళ్లీ విరిగితే పిల్లల్ని వేరే ఊళ్ల హాస్టళ్లకు పంచేసి, ఆ బిల్డింగు ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. కాగితం మీద చూస్తే సబబుగానే ఉంటుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వార్డెన్ మాత్రం నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ముఖంలోకి చూస్తూ చెప్పింది.

“పంచేస్తే సగం మంది ఏ హాస్టల్‌కీ ఎల్లరు మేడమ్. ఇంటికి ఎల్లిపోతారు. ఒకసారి ఇంటికెల్లిన ఆడగుంట మరి పుస్తకం పట్టదు. మీ గొట్టం సంగతి నాకు తెలీదు. మా పిల్లల సంగతి తెలుసు.”

నా సర్వీసులో ఎన్నో డ్రాయింగులు వేశాను గానీ, ఫలానా వాళ్ల కోసం వేస్తున్నానని ముఖాలు కళ్ల ముందు ఉంచుకుని వేసింది అదే మొదటిది.

తవ్వించి చూస్తే నవ్వొచ్చింది. గొట్టం గోడలోకి దూరే చోట పెద్ద కాంక్రీటు ముద్ద ఉంది. మొదటిసారి విరిగినప్పుడు పోసింది లోపల, రెండోసారి పోసింది దాని చుట్టూ. మా ఏఈ, అంటే సైటు చూసుకునే ఇంజనీరు, ముప్పై ఏళ్ల కుర్రాడు, చాలా మంచివాడు, ఆ పొరలన్నీ నాకు వేలు పెట్టి చూపిస్తూ వివరించాడు. ఇందులో ఇంత కంకర, అందులో అంత ఇనుము. ఈసారి ఇంతకు రెట్టింపు వేద్దామన్నాడు. పక్కన నిలబడ్డ మేస్త్రి అవునవునని తలాడించాడు. మేస్త్రి ఆ ఊళ్లో పేరున్న మనిషి. ఆయన కట్టిందేదీ ఇంతవరకు కదల్లేదని ఆయనకు గొప్ప. టీ కొట్టు దగ్గర కూడా అదే చెబుతాడు.

ఇక్కడ రెండు ముక్కలు పాఠం చెప్పక తప్పదు, ఓర్చుకోండి. సంపు నిండితే బరువెక్కి మట్టిలోకి కాస్త దిగుతుంది. ఖాళీ అయితే, అందులోనూ వానలకు చుట్టూ నేల నాని ఉంటే, కాస్త పైకి తేలాలని చూస్తుంది. భూమిలో పాతేశాం కదా, ఇక కదలదని మనం అనుకుంటాం. బయట మట్టిలో పడుకున్న గొట్టానికి ఈ గోలేమీ పట్టదు. అది ఉన్నచోటే ఉంటుంది. కదిలేదాన్నీ కదలనిదాన్నీ కాంక్రీటుతో కలిపి బిగిస్తే మధ్యలో ఉన్నది విరుగుతుంది. అంతే సంగతి.

నేను వేసిన డ్రాయింగులో గొట్టాన్ని గోడ పట్టుకోదు. గోడలో గొట్టం కంటే పెద్ద కన్నం, చుట్టూ నీళ్లు కారకుండా మెత్తటి రబ్బరు. గోడ దాటాక ఒక రబ్బరు జాయింటు, ఒక పొట్టి గొట్టం ముక్క, మళ్లీ ఇంకో రబ్బరు జాయింటు. ఆ రెండు జాయింట్ల మధ్య ముక్క అటూ ఇటూ వంగుతుంది. వాటి చుట్టూ ఇటుకలతో చిన్న గది, పైన మూత. గదిలో ఏమీ ఉండకూడదు. జాయింటు వంగడానికి ఆ ఖాళీయే చోటు.

ఏఈ ఆ డ్రాయింగు చూసి, ఆస్పత్రిలో పేషెంటుకి పెట్టిన గొట్టంలా ఉంది మేడమ్ అన్నాడు. మేస్త్రి ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల నేను మోసపోయాను. రెండు రోజులు చెప్పినట్టే చేశాడు. ఆదివారం నేను చర్చిలో ఉన్న సమయం చూసుకుని, గోడ కన్నంలో గొట్టం చుట్టూ వదిలిన సందంతా సిమెంటు మాలుతో నింపేసి, నున్నగా తాపీతో దిద్ది, నీళ్లు కూడా చల్లి పెట్టాడు. సోమవారం నేను వెళ్లేసరికి మెప్పు కోసం పక్కనే నిలబడి ఉన్నాడు. లోటుగా కనిపించింది మేడమ్, అందుకే నేనే పూడ్చేసేను అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లో వాళ్లనడిగితే చెబుతారు. ఆ సిమెంటంతా నా కళ్ల ముందే చెక్కించాను. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పనిలోకి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. ఇంకో మేస్త్రిని పిలుద్దామని ఏఈ అన్నాడు గానీ, ఆ చుట్టుపక్కల అంత పనితనం ఉన్న మనిషి లేడు, హాస్టల్ తెరిచే రోజు చూస్తే నెత్తి మీదకు వస్తోంది. మాడుగుల హల్వా పొట్లం ఒకటి కొనుక్కుని నేనే ఆయన్ని వెతుక్కుంటూ టీ కొట్టుకి వెళ్లాను. ఆయన హల్వా వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

“తిట్టినందుకు కాదు మేడమ్. అలా లూజుగా ఒగ్గేసి ఎల్లిపోతే ఊర్లో నన్నేటంటారు? మేస్త్రికి పని రాదు, అందుకే గొట్టం ఊగుతందంటారు.”

అప్పటిగ్గానీ ఆ మనిషి బాధ నాకు అర్థం కాలేదు. ఆయనకు గట్టిదనమంటే పరువు. బల్ల ముందు కూర్చున్నవాళ్లకు అది తోచదు. ఏం చెప్పి ఒప్పించాలో తెలియక, రేపొకసారి రండి, నచ్చకపోతే వెళ్లిపోండి అన్నాను.

మర్నాడు ఇసక ట్రాక్టరు వచ్చింది. దింపేముందు నేను ఏఈనీ మేస్త్రినీ ట్రాక్టరు తొట్టి ఎక్కమన్నాను. మోకాళ్లు బిగించి నిలబడాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ వంచకూడదు, దేన్నీ పట్టుకోకూడదని చెప్పి, హాస్టల్ ఆవరణలో గతుకుల మీదుగా ఒక చుట్టు తిప్పమని డ్రైవరుకి చెప్పాను. మొదటి గతుకులోనే ఏఈ వెళ్లి మేస్త్రి మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి ఇసకలో పడ్డారు. వంటగది అరుగు మీద నిలబడి చూస్తున్న వార్డెన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు మోకాళ్లు వదులుగా ఉంచి నిలబడండి అన్నాను. రెండో చుట్టు ఇద్దరూ ఊగుతూ ఊగుతూ నిలబడే వచ్చారు.

మేస్త్రి కిందికి దిగి, పంచెలో ఇసక దులుపుకుంటూ కాసేపు ఆ గోతిలోకి చూశాడు.

“అయితే గొట్టానికి మోకాళ్లు పెడతన్నామన్నమాట,” అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ పని నాది కాదు, ఆయనది. జాయింట్లకు ఎడం మోకాలు, కుడి మోకాలు అని పేర్లు పెట్టాడు. రబ్బరుకి గీత పడకుండా తన కండువా పరిచి దించాడు. సైటులోకి ఎవరొచ్చినా, చివరికి పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా, మోకాళ్ల పాఠం చెప్పి గానీ వదిలేవాడు కాదు. నేను వేసిన డ్రాయింగు నాకే వివరించి చెప్పాడు ఒకసారి. బుద్ధిగా విన్నాను.

పని అనుకున్న వేళకే అయిపోయింది. గదికి పైన సిమెంటు పలక మూతగా వేశాం. ఆ మూత గేటులోంచి రాగానే కంటికెదురుగా, చదునుగా, నున్నగా ఉంది. అదే మా ప్రాణం మీదకు తెచ్చింది.

నీళ్లు వదిలే రోజునే హాస్టల్ తెరవడం, దానికి ఒక పెద్దాయన రావడం అని నిర్ణయమైంది. పెద్దాయన వస్తే ముందుగా ఆయన మనిషి వస్తాడు కదా. షామియానా ఎక్కడ, మైకు ఎక్కడ, ఎవరు ఏ కుర్చీలో అని చూసుకునే మనిషి. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మాటకు మంచివాడే. ప్రారంభం ముందు రోజు నాకు విశాఖలో మీటింగు. మేస్త్రి దేవరాపల్లిలో ఎవరిదో పెళ్లికి వెళ్లాడు. సైటులో ఏఈ ఒక్కడే ఉన్నాడు.

మధ్యాహ్నం బస్సు దిగి, ఆటోలో నేరుగా హాస్టల్‌కి వెళ్లాను. గేటులో అడుగుపెట్టేసరికి మా గది మూత మీద ఛాతీ ఎత్తు ఇటుకల దిమ్మ, దానికి నల్లటి శిలాఫలకం. పచ్చి సిమెంటు వాసన ఇంకా పోలేదు. ఫలకం మీద పైన పెద్దాయన పేరు, దాని కింద ఇంకొన్ని పేర్లు, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో మా ఏఈ పేరు. నా పేరు కూడా వేద్దామనుకున్నారట, చోటు చాల్లేదట.

నాకు దిమ్మ కంటే దాని కింద ఏముందోనన్న భయం ఎక్కువైంది. అడిగాను. ఏఈ ముందు నసిగాడు. కాలితో తడితే మూత డొల్లగా మోగిందట. రేపు పెద్దాయన అక్కడే నిలబడతారు, చుట్టూ జనం నిలబడతారు, అంచేత గట్టిగా ఉండాలని పెద్దాయన మనిషి అన్నాడట. మూత ఎత్తి, గదిలో ఇటుక ముక్కలూ రాళ్లూ ఇసకా వేసి, దిమ్మిసతో కొట్టి మరీ నింపారట. మా మోకాళ్లు రెండూ ఆ రాళ్లలో కూరుకుపోయాయి. అంతటితో అయిందా అంటే, లేదు. రేపు అందరి ముందు పెద్దాయన వాల్వు తిప్పేసరికి సంపులో నీళ్లు తళతళలాడుతూ కనిపించాలని, పొద్దున్నుంచే లైను తెరిచి సంపు నింపుతున్నారు. సగం పైగా నిండిందని ఏఈ సంతోషంగానే చెప్పాడు. చెబుతూ చెబుతూ నా ముఖం చూసి సగంలో ఆపేశాడు.

ఖాళీ చోటు వదిలామంటే మనవాళ్ల చేతులు ఊరుకోవు. అది మీరు బుర్రలో పెట్టుకోండి. ఖాళీ అని గీస్తే చాలదు, ఇక్కడ ఏమీ పెట్టకూడదు అని పెద్ద అక్షరాలతో రాయండి, రాశాక కూడా అక్కడ మంచం వేసుకుని కూర్చోండి.

వాల్వు మూయించాను. దిమ్మ తీసేయాలన్నాను. పెద్దాయన మనిషి ముందు నవ్వాడు, తర్వాత నేను హాస్యమాడటం లేదని తెలిసి ముఖం మాడ్చాడు. కట్టిన దిమ్మ కూల్చడం అశుభమన్నాడు. ఫలకం పగిలితే పెద్దాయన పేరు పగిలినట్టేనని, తను ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేనని అన్నాడు. మా పై ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. ఆయన అంతా ఓపిగ్గా విని, ఫలకం ముట్టుకోవద్దు, గొట్టం విరగనివ్వొద్దు, మిగతాది మీ ఇష్టం అని పెట్టేశారు. అంత స్పష్టమైన ఆదేశం నేను సర్వీసు మొత్తంలో వినలేదు.

ఏఈ నన్ను పక్కకు పిలిచి ఒక దారి చెప్పాడు. సంపుని సగంలోనే ఆపుదాం, రేపు ఫొటోలు అయిపోయాక, జనం వెళ్లాక దిమ్మ సంగతి చూద్దాం అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఫొటో దిగాక ఆ దిమ్మని ఎవరూ ముట్టుకోనివ్వరని నాకు తెలుసు. పిల్లలు వచ్చేది రేపే. సంపు నిండేదీ రేపే. గొట్టం విరిగేది ఎల్లుండి. ఆ తర్వాత పిల్లల్ని పంచేయడమే. ఈ మాట నేను గట్టిగా చెప్పేలోపు వార్డెన్ మా మధ్యకు వచ్చింది. అప్పటిదాకా దూరంగా నిలబడి అంతా వింటూనే ఉంది. పెద్దాయన మనిషి వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది.

“రాయి తాగుతారా బాబూ మా పిల్లలు?”

ఆయన దిమ్మ ముందు నుంచి కదల్లేదు. చేతులు కట్టుకుని దానికి కాపలాగా నిలబడ్డాడు. మేమూ ఎదురుగా నిలబడ్డాం. ఎండ కాస్త తగ్గింది గానీ మాలో ఎవరూ తగ్గలేదు.

ఆ సమయానికి మేస్త్రి వచ్చాడు. ఏఈ భయపడి ఎప్పుడో ఫోన్ చేసినట్టున్నాడు. పెళ్లి బట్టల్లోనే, భుజాన కొత్త కండువాతో, విస్తరి ముందు నుంచి లేచి వచ్చినట్టు వచ్చాడు. దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు.

“మోకాళ్ల మీద దిమ్మ కట్టేసేరేటండీ?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువగా వినిపించింది.

నేను ఏదో చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. వంగి దిమ్మ ముందు వైపు చూస్తున్నాడు. గీతలు లేని కొత్త సిమెంటు మీద, అడుగు నుంచి ఫలకం మూల దాకా, వెంట్రుకంత పగులు. పొద్దున కట్టినప్పుడు లేదని ఏఈ ఒట్టేశాడు. మేస్త్రి సైటులోనే వదిలి వెళ్లిన తన పని సంచిలోంచి దారానికి కట్టిన తూకం గుండు తీసి, ఫలకం పై అంచున దారం పట్టి వదిలాడు. గుండు ఊగి ఊగి ఆగింది. పైన దారం రాయికి తగులుతోంది, కింద మాత్రం రాయికి దూరంగా వేలాడుతోంది. దిమ్మ సంపు వైపుకి ఒరిగింది. దిమ్మ కింది మూత ఒక పక్క సంపు అంచు మీద, రెండో పక్క బయటి నేల మీద ఆనుకుని ఉంది. సంపు నీళ్లతో బరువెక్కి దిగుతోంది. నేల దిగడం లేదు. నేను ఇంతసేపూ మాటలతో చెబుతున్నదాన్ని ఆ దిమ్మే చేసి చూపించింది.

పెద్దాయన మనిషి వంగి ఆ దారాన్ని చూశాడు. దిమ్మ కూలిస్తే అశుభం నిజమే, కానీ పెద్దాయన తెర లాగుతుండగా ఆయన పేరు ఆయన మీదే ఒరిగితే ఆ శుభం ఎవరికి చెప్పుకోవాలి? తీసేయండి అన్నాడు. వెంటనే, పగలకుండా తీయగలరా మేస్త్రిగారూ అని బతిమాలాడు. మేస్త్రుల్ని ఒరే అని పిలిచే మనిషి గారూ అన్నాడని మేస్త్రి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

సిమెంటు పచ్చిగా ఉండబట్టి సరిపోయింది. మేస్త్రి కొత్త కండువా విప్పి ఫలకం కిందికి దూర్చి, ఒక్కో ఇటుకా ఊడదీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని దించాడు. తర్వాత మూత ఎత్తితే లోపల రాళ్లు. పారతో తవ్వితే రబ్బరు తెగుతుంది. చేతులతోనే తీయాలి. నేను చెప్పేలోపే ఏఈ ఇస్త్రీ చొక్కాతోనే గోతిలోకి దిగాడు. ఒక్కో రాయీ పైకి అందిస్తుంటే వార్డెన్ అందుకుంది, ఆవిడ దగ్గర నుంచి నేను, నా దగ్గర నుంచి పెద్దాయన మనిషి. ఆయన ఫోన్లు రెండూ జేబులో మోగుతూనే ఉన్నాయి, ఎత్తడానికి చేతులు ఖాళీ లేవు.

గోతిలోంచి ఏఈ తలెత్తి నాతో మెల్లగా అన్నాడు. “రాయి మీద నా పేరుందని మా అమ్మకి ఫోన్ సేసి సెప్పేసేను మేడమ్.”

“ఉంది కదయ్యా పేరు, ఎక్కడికీ పోలేదు,” అన్నాను. అంతకు మించి తిట్టబుద్ధి కాలేదు. మధ్యాహ్నం నుంచి గుండెలో ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. నా ముప్పై ఏళ్ల పనిలో ఒక్క రాయి మీదా నా పేరు లేదు. ఉంటే మా అమ్మకి నేనూ ఫోన్ చేసేదాన్నే.

అడుగున ఇసక గుడ్డతో తుడిచేసరికి రబ్బరు కనిపించింది. ఒకచోట రాయి నొక్కుకుని గుంట పడింది గానీ తెగలేదు. మేస్త్రి రెండు జాయింట్లనూ అరచేత్తో నిమిరి, బాగానే ఉన్నాయి అన్నాడు.

మర్నాడు ఫలకాన్ని భోజనాల హాల్లో వార్డెన్ కుర్చీ మీద కూర్చోబెట్టి, బంతిపూలు వేసి, తెర కట్టాం. పెద్దాయన తెర లాగి, రాయి కుర్చీలో ఉందేమిటని అడిగారు. పిల్లలు దగ్గర నుంచి చదువుకోడానికి వీలుగా ఉంటుందని ఆయన మనిషి రెప్ప వేయకుండా చెప్పాడు. ఆయన మీద నాకు ఆ క్షణంలో గౌరవం కలిగింది. ఆ రాయిని తర్వాత ఆ హాలు గోడకే ఎక్కించారు. పిల్లలు అన్నం తింటూ రోజూ మా ఏఈ పేరు చదువుతారు.

పెద్దాయన వాల్వు తిప్పారు. సంపు నిండసాగింది. గది మూత వేయడానికి మేస్త్రి ఒప్పుకోలేదు, అందరూ చూడాలన్నాడు. జనం వంగి చూస్తుండగా జాయింట్ల మధ్య గొట్టం ముక్క సంపుతో పాటు మెల్లగా వంగింది. చుక్క కారలేదు. మేస్త్రి పాఠం మొదలుపెట్టాడు. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులట, ఇలాంటివి నాకూ రెండు పెట్టించండి అన్నారు. అందరూ నవ్వారు. మా పై ఇంజనీరుగారు మాత్రం నవ్వలేదు. సంపు నిండిన మర్నాడే కదా ఇదివరకు రెండుసార్లూ విరిగింది, ఒక రాత్రి గడవనివ్వండి, పిల్లల్ని పంచే సంగతి రేపు మాట్లాడదాం అని కారెక్కారు. ట్రంకు పెట్టెలతో అప్పుడే దిగుతున్న పిల్లలకు వార్డెన్ ఎదురెళ్లింది.

తెల్లవారి నేను కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ మోగింది. వార్డెన్.

“మేడమ్, సంపులో సుక్క నీల్లు లేవు,” అంది.

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేను వినలేదు. స్టవ్ ఆపానో లేదో కూడా గుర్తులేదు. ఏఈకి ఫోన్ చేస్తే బండి మీద వచ్చాడు. దారిలో, ఆ రాయి నొక్కిన చోటే పోయుంటుంది మేడమ్ అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. నిన్న ట్రంకు పెట్టెలు మోసుకొచ్చిన తండ్రులు మళ్లీ ఇవాళ వచ్చి మోసుకెళ్లడం నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

గేటు దగ్గర బండి ఆపి, హ్యాండిలు నా చేతికి వదిలేసి ఏఈ పరిగెత్తి, మూత జరిపి, నేల మీద బోర్లా పడుకుని గదిలోకి చేయి పెట్టాడు. జాయింటు కింద తడిమాడు. చేయి బయటకు తీసి నాకు చూపించాడు. పొడిగా ఉంది. ఖాళీ సంపు కాస్త పైకి లేచినట్టుంది, గొట్టం ముక్క నిన్నటి వంపు వదిలి తిన్నగా ఉంది. విరగలేదు. కారలేదు.

అప్పుడు తలెత్తి చుట్టూ చూశాను. ప్రహరీ గోడ పొడుగునా లంగాలు, వోణీలు, దుప్పట్లు, దిండు గలీబులు. కిటికీ ఊచలకు తువ్వాళ్లు. గేటుకి కూడా ఎవరిదో యూనిఫాం ఆరేసి ఉంది. మెట్ల నిండా పిల్లలు, జుట్టు విరబోసుకుని ఎండకు వీపు పెట్టి కూర్చున్నారు. ఒకరి తల ఒకరు తుడుస్తున్నారు. నీళ్లు అయిపోయేదాకా వాడేశారు. రాత్రంతా వాడి, తెల్లారాక కూడా వాడారు. అడిగితే నవ్వారు.

వార్డెన్ హాల్లోంచి బయటకు వచ్చింది. ఇంత నీళ్లు వృథా చేస్తారా, కాస్త అదుపులో పెట్టక్కర్లేదా అని నేను గట్టిగా అడగబోయాను. ఆవిడ తలకు కూడా తువ్వాలు చుట్టి ఉంది.